ఇంజన్ ఆగితే చేయవలసిన పనులు

మేము నేర్చుకున్న చిన్న విమానంలో, గాల్లో ఉండగా ఇంజన్ ఆగిపోతే చేయవలసిన పనులు ఎనిమిది. స్పీడు, పొలం, ఫ్యూయల్, మిక్చర్, తాళం, రేడియో, బెల్టు, తలుపు. స్పీడు పడిపోకుండా ముక్కు దించుకోవాలి. దిగడానికి ఒక పొలం చూసుకోవాలి. ఫ్యూయల్ వస్తోందో లేదో చూడాలి, ఇంజన్‌కు పెట్రోలు, గాలి పాళ్ళు సరిచేసే మిక్చర్ పిడి ముందుకు నెట్టాలి, తాళం తిప్పి మళ్ళీ స్టార్ట్ అవుతుందేమో చూడాలి. రేడియోలో చెప్పాలి. బెల్టు బిగించుకోవాలి. చివరగా తలుపు గడియ తీసి పెట్టుకోవాలి, లేకపోతే నేలకు తగిలినప్పుడు అది బిగుసుకుపోతుంది, మనం లోపలే ఉండిపోతాం. ఇదంతా పుస్తకం తీయకుండా, వరుస తప్పకుండా జరిగిపోవాలి.

నేల మీద నన్ను నిద్రలో లేపి అడిగినా గడగడా చెప్పేదాన్ని. గాల్లో మాత్రం ఒక్క ముక్క రాలేదు.

కర్నూలు బయట, ఎర్ర గుట్టల మీదుగా ఎగురుతున్నాం. పక్క సీట్లో ఉన్న సారు మాట్లాడుతూ మాట్లాడుతూనే పవర్ పిడి వెనక్కి లాగేసి, "ఇంజన్ పాయ. ఏం చేస్తావు?" అన్నారు. విమానం ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నా బుర్ర కూడా అంతే. స్పీడు అన్న మాట కూడా రాలేదు. కింద రాళ్ళు కనిపిస్తున్నాయి, అవి పెద్దవి అవుతున్నాయి, నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. కాసేపు చూసి సారే పవర్ ఇచ్చి పైకి లేపారు. తిట్టినా బాగుండేది. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. ఇది రాకుండా ఎవరినీ ఒంటరిగా గాల్లోకి పంపరు. ఒంటరిగా ఎగరలేనివాళ్ళకు ఆ కోర్సులో చోటు లేదు.

మా సారు కడప మనిషి. ఎయిర్‌ఫోర్సులో ఎన్నో ఏళ్ళు చేసి, ఊళ్ళన్నీ తిరిగి వచ్చినా నోట్లోంచి కడప పోలేదు. రేడియోలో ఇంగ్లీషు, దిగగానే "ఏమప్పా". ఆయనకొక పద్ధతి ఉంది. విమానం ఎక్కే ముందు విద్యార్థి ముఖం వైపు నిదానంగా చూసి, "ఈపొద్దు మనసెట్లుండాది?" అని అడుగుతారు. బాగాలేదంటే ఆ రోజు కొత్త పాఠం చెప్పరు, పాతది తిప్పించి దించేస్తారు. మా బ్యాచ్‌లో మగపిల్లలు చాటుగా దీని మీద చాలా జోకులు వేసేవాళ్ళు. నాకూ అదంతా చాదస్తం అనిపించేది.

మూడోసారి కూడా నా నోరు మూతపడ్డాక, విమానాలు నిలిపే హ్యాంగరు నీడలో కూర్చోబెట్టి అడిగారు.

"ఇది యాడ కూచోని నేర్చుకున్యావు పాపా?"

"హాస్టల్లో సార్."

"నగుతా నేర్చుకున్యావా, ఏడుస్తా నేర్చుకున్యావా?"

ఇదేం ప్రశ్న అని నాకు చిరాకేసింది. కానీ అబద్ధం చెప్పలేకపోయాను. మాది నందికొట్కూరు దగ్గర పల్లె, కొంచెం చేను, కొంచెం కూలి. సర్కారు సాయంతో నాకు ఆ సీటు వచ్చింది. పోతే మళ్ళీ రాదు. మా చర్చిలో ప్రతి ఆదివారం నా కోసం ప్రార్థన చేసేవాళ్ళు, అది తలచుకుంటే నాకు ఇంకా వణుకు పుట్టేది. ఆ వణుకుతోనే రోజూ ఆ ఎనిమిదీ బట్టీ పట్టాను. "భయపడుకుంటా నేర్చుకున్నాను సార్," అన్నాను.

"అదే మరి. భయంతో మింగినావు. గాల్లో ఇంకో భయమొచ్చి గొంతు పట్టుకుంటే మింగింది బయటికెట్ల వస్తాది? మొదట్నుంచి నేర్చుకో. నగుతా నేర్చుకో. నిన్ను బాగా నగిచ్చేది ఎవురు?"

"మా అన్న."

"నంబరియ్యి," అన్నారు ఆయన, తన ఫోను తీసి.

మా అన్న కడప దగ్గర బండల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. నాపరాతి పలకలను కోసి, నున్నగా పాలిష్ పట్టి లారీలకెత్తే చోటు. చిన్నప్పుడు సండేస్కూల్లో బైబిలు వాక్యాలు కంఠతా పట్టాలంటే నాకు అప్పజెప్పించుకునేది వాడే. ఒక్క మాట తప్పినా మొదటి నుంచి చెప్పాలి. మా చర్చిలో పిల్లలందరికీ అదే రూలు. కాకపోతే మా అన్న దగ్గర ఆ రూలుకు ఒక తోక ఉండేది, నేను తప్పిన చోట వాడొక పిచ్చి మాట కలిపి నవ్వించేవాడు. ఆ నవ్వుతో ఆ మాట ఇక జన్మలో తప్పేది కాదు.

సారు వాడికి ఏం చెప్పారో గానీ, ఆ సాయంత్రం నుంచే ఫోను మొదలైంది. వాడు పని దిగగానే వీడియో కాల్ చేసేవాడు. ముఖమంతా రాతిపొడి, వెనక మిషన్ల రొద.

"చెప్పు మే."

"స్పీడు. పొలం."

"ఆగు. పొలమంటే ఎవురి పొలం? అడిగినావా ఆయప్పని? శనగ ఏసింటే నిన్నూ నీ ఇమానాన్నీ కలిపి తరుముకుంటాడు."

నేను నవ్వు ఆపుకోలేక మిక్చర్ మర్చిపోయేదాన్ని. "పాయ. మొదట్నుంచి," అనేవాడు. చివరి దాకా వచ్చి తలుపు మర్చిపోతే, "తలుపు ఎవురొచ్చి తీయాల? మీ సారా, నేనా? బండలెత్తేకే నాకు టైం ల్యా," అనేవాడు. హాస్టల్లో నా పక్క గది పిల్ల గోడ మీద కొట్టేది, అంతగా నవ్వేదాన్ని.

మధ్యలో ఒకరోజు ఫోను రాలేదు. మరునాటి నుంచి వీడియో ఆగిపోయింది. "ఫోను కింద పడి కెమెరా పలిగిపాయ మే," అన్నాడు. మిషన్ల రొద కూడా వినిపించడం లేదంటే, "కరెంటు సక్రంగా ల్యా, మూసినారు," అన్నాడు. కరెంటు లేదంటే మా వైపు ఎవరూ రెండో ప్రశ్న వేయరు. పైగా పని లేనందుకేమో ఫోన్లు ఇంకా ఎక్కువసేపు సాగేవి. ఆ రోజుల్లో మా అన్న నవ్వించినంతగా అంతకు ముందెప్పుడూ నవ్వించలేదు. సాయంత్రం ఎప్పుడవుతుందా అని కాచుకునేదాన్ని.

ఆ వారమే గాల్లో సారు పవర్ లాగితే నా చేయి దానంతట అది కదిలింది. స్పీడు, పొలం, ఎవురి పొలం, ఫ్యూయల్. లోపల్లోపల నవ్వుకుంటూ తలుపు దాకా వెళ్ళిపోయాను. నన్ను నేనే నమ్మలేకపోయాను. ఇంకొన్నాళ్ళకు, ఒక పొద్దున సారు విమానం దిగి తలుపు వేసి, "నువ్వు పోయిరా," అన్నారు. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఒక చుట్టు తిరిగి దిగాను. మా దగ్గర అలవాటు ప్రకారం బ్యాచ్ అంతా బకెట్లతో నా మీద నీళ్ళు కుమ్మరించారు. తడి బట్టలతోనే ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ "సంతోషం తల్లీ" అని ఏడ్చింది. నేను కడపకు పోయి అన్నను చూసి వస్తానంటే, "ఈ వారం వద్దులే పాపా, వానికి పనెక్కువుండాది," అంది. కరెంటు వచ్చిందేమో అనుకున్నాను. చెప్పకుండా వెళ్ళి వాడిని అదరగొడదామని బస్సెక్కాను.

నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు. దారి పొడుగునా వాడు నన్ను చూడగానే ఏమంటాడో ఊహించుకుంటూ ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను. కడపలో దిగి ఆటో మాట్లాడుకుని ఫ్యాక్టరీ దగ్గర దిగాను. మిషన్లు మోతగా తిరుగుతున్నాయి. గేటు దగ్గర ఉన్న వాచ్‌మన్ నన్ను ఎరుగును. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఆస్పత్రి నుంచే వస్తాండావా మ్మా? ఎట్లుండాడు మీ అన్న? కాలు తీసేసినాక జరమొచ్చిందనిరి, తగ్గిందా?"

నేను "తగ్గింది" అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఎవరైనా ఎట్లున్నారని అడిగితే బాగున్నారని చెప్పడం మన నోటికి అలవాటు, ఆ అలవాటే అంది ఆ మాట. ఆయన ఇంకేదో చెబుతున్నాడు. నిలబెట్టిన బండల వరుస జారడం గురించి, అందరూ కలిసి ఎత్తడం గురించి. నాకు పెదవులు కదలడం కనిపిస్తోంది. కాలు తీసేశారు. ఎవరి కాలు? నిన్న సాయంత్రం వాడు నాతో మాట్లాడాడు కదా. విమానం రెక్క మీద బట్టలు ఆరేసుకోవచ్చా అని అడిగాడు కదా. చివరికి, ఏ ఆస్పత్రి అని ఆయననే అడగవలసి వచ్చింది. ఆయన నా వైపు చూసిన చూపు మర్చిపోలేను.

వార్డులో మంచం మీద మా అన్న దిండుకు ఆనుకుని ఉన్నాడు. దుప్పటి కుడివైపు పాదం దాకా ఎత్తుగా ఉంది. ఎడమవైపు మోకాలి దగ్గరే పరుపుకు అంటుకుపోయి ఉంది. పక్కన అమ్మ బత్తాయి ఒలుస్తోంది. నన్ను చూసి అమ్మ చేతిలోది కింద పడేసింది. వాడు మాత్రం కోపంగా చూశాడు.

"ఎవురు చెప్పినారు మే నీకు?"

నాకు ఏడుపు రాలేదు. అరవాలనుంది, అదీ రాలేదు. గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయాను. ఆ దుప్పటి చదునుగా ఉన్న చోటు నుంచి చూపు తిప్పుకోలేకపోయాను.

నాయన లోపలికి వచ్చాడు. మా నాయన చర్చిలో సంఘపెద్ద, జీవితంలో అబద్ధమాడి ఎరుగడు. ఆయనే అన్నీ చెప్పాడు. బండలు మీద పడడం, కాలు నిలపలేమని డాక్టర్లు చెప్పడం, ఆ రోజే మా సారుకు ఫోన్ చేయడం. అంటే సారుకూ తెలుసు. రోజూ నా ముఖం చూసి "మనసెట్లుండాది" అని అడిగిన మనిషికి మొదటి రోజు నుంచీ తెలుసు.

"మీ సారు ముందే చెప్పినాడు గదా పాపా, నీ మనసు సంతోషంగా ఉండాలని. అది చెడితే నేర్చుకుండేదంతా పోతాదని," అన్నాడు నాయన. సారు మాట ఆయనకు వాక్యంతో సమానమైపోయింది. ఆదివారం చర్చిలో మా అన్న కాలు కోసం ప్రార్థన చేసి, ఆ వెంటనే ఈ సంగతి నా చెవిన పడకూడదని కూడా ప్రార్థన చేశారట. ఊరు ఊరంతా కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నదట.

"మీరంతా మనుషులేనా?" అన్నాను. కన్నతండ్రిని అలా అన్నది అదొక్కసారే. నాయన తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

కర్నూలుకు తిరిగి వెళ్ళే బస్సులో ఒక్కొక్క ఫోనూ గుర్తొచ్చింది. నేను ఏదీ మర్చిపోలేదు, అదే ఖర్మ. కెమెరా పగిలిపోయిన రోజు ఆపరేషన్ మరునాడు. బండలెత్తేకే టైం లేదన్న మాట రెండోసారి అన్నప్పుడు వాడికి కాలే లేదు. నవ్వి నవ్వి నాకు కడుపు నొప్పి పుట్టిన సాయంత్రం వాడికి జ్వరం. నా సంతోషమంతా ఆ మంచం మీద తయారైంది.

మరునాడు విమానం దగ్గర సారు అలవాటుగా, "మనసెట్లుండాది?" అన్నారు.

"మీకు తెలుసు కదా సార్," అన్నాను.

ఆయన ఎక్కి కూర్చున్నారు. గుట్టల మీదికి వెళ్ళాక పవర్ లాగారు. స్పీడు అన్నాను. పొలం అన్నాను. ఎవురి పొలం మే అని వినిపించింది, దానితో పాటే ఆ దుప్పటి కళ్ళ ముందుకొచ్చింది. ఇక అంతే. తర్వాతి మాట ఏమిటో తెలియదు. మొదట్లో భయంతో మర్చిపోయినట్టు కూడా కాదు ఇది. అప్పుడు తలుపు మూసుకుంది, ఇప్పుడు ఆ ఇల్లే లేదు. సారు పవర్ ఇచ్చి దించేశారు.

దిగగానే నా నోటికి అడ్డు లేకుండా పోయింది. "నవ్వుతూ నేర్చుకోమన్నారు. నేర్చుకున్నాను. ఇంజన్ నా మనసు చూసుకుని ఆగుతుందా సార్? నేను సంతోషంగా ఉన్న రోజు చూసే ఆగుతుందా? ఈ సంగతి నేను గాల్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఎవరైనా ఫోన్ చేసి చెప్పి ఉంటే నా గతేంటి?"

గాల్లో ఫోన్లు రావు. ఆయన ఆ సంగతి పట్టుకుని నా మాట తిప్పికొట్టి ఉండవచ్చు. అలా చేయలేదు. రన్‌వే వైపు చూస్తూ, "నిజమే పాపా. అంతదూరం నేను ఆలోచించలే," అన్నారు. తర్వాత మెల్లగా, "సోమవారం మన స్కూలు పెద్ద సారు నీతో ఎగిరి చూస్తాడు. ఆయన ముందర గూడా రాకపోతే నా చేతిలో ఏం ల్యా. ఈ రెండ్రోజులు మీ అన్న కాడికి పో," అన్నారు.

పోయాను. నేర్చుకోవడానికి కాదు, మానేస్తున్నానని చెప్పడానికి. వార్డులో అమ్మ లేదు, మందులకు వెళ్ళింది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"నాకీ విమానం వద్దన్నా. ఆ ఎనిమిదీ నోటికొస్తే నువ్వే గుర్తొస్తావు. ఈ మంచం గుర్తొస్తుంది. నాకు రాదిక."

వాడు నా వైపు చూడలేదు. పైన ఫ్యాను వైపు చూశాడు.

"నన్ను నవ్వించేటప్పుడు నువ్వెట్లుంటివి అన్నా? అంత నొప్పిలో నా కోసం ఎందుకట్ల చేసినావు?" అని అడిగాను. అప్పటికి నేనూ మా ఊరి మాటలోకి వచ్చేశాను.

"నీ కోసమా?" అన్నాడు వాడు. "నీ కోసమని ఎవురు చెప్పినారు మే నీకు? పొద్దంతా ఈ కాలు కాడే ఉంటాంటి. లేని కాలు, అయినా నొస్తాది. పాదం నొస్తాది, వేళ్ళు నొస్తాయి. నువ్వు అప్పజెప్తాంటే ఆ రోంతసేపు గుర్తుకు రాదు. తప్పు చెప్తావా అని కాసుకోని ఉంటి. తప్పు చెప్తే మల్లా మొదట్నుంచి చెప్తావు గదా. నువ్వు బాగా నేర్చుకుంటాండే కొద్దీ నాకు దిగులయ్యేది. రెండు నిమిషాల్లో అప్పజెప్పి ఫోను పెట్టేస్తావని."

మొదటి రోజు ఆ దుప్పటి చూసినప్పటి కంటే ఈ మాటకే నాకు ఎక్కువ దెబ్బ తగిలింది. నేనింకేదో అడగబోయే లోపల నర్సమ్మ కట్టు మార్చడానికి ట్రే తీసుకుని వచ్చింది. నన్ను బయటికి వెళ్ళమంది. వాడు నా మణికట్టు పట్టుకుని, "ఉండనీ అక్కా," అన్నాడు. తర్వాత నాతో, "చెప్పు," అన్నాడు.

ఆమె దుప్పటి తీసింది. కట్టు విప్పుతూ ఉంటే నేను చూశాను. చూడకూడదనుకున్నాను గానీ చూశాను. చివరి పొర గాయానికి అంటుకుని ఉంది, దానిమీద మందునీళ్ళు పోసి లాగుతోంది. మా అన్న వేళ్ళు నా చేతిలోకి దిగిపోయాయి. నాకు ఏడుపు అప్పుడొచ్చింది, ఆ ఏడుపులోనే నోరు తెరిచాను. "స్పీడు," అన్నాను. "పొలం." వాడు ఎవరి పొలమని అడగలేదు. పళ్ళు బిగపట్టి ఉన్నాడు. "ఫ్యూయల్. మిక్చర్. తాళం." ఒక్కొక్కటీ వచ్చింది. నవ్వు లేదు, ధైర్యం అసలే లేదు, అయినా వచ్చింది. సోమవారం గాల్లో పెద్ద సారు పవర్ లాగినప్పుడు కూడా ఇలాగే వచ్చింది, వణుకుతూ, వరుస తప్పకుండా. కానీ ముందు వచ్చింది ఆ మంచం దగ్గర.

"రేడియో. బెల్టు."

నర్సమ్మ ఇంకా దూది మారుస్తూనే ఉంది. వాడు కళ్ళు మూసుకునే తల అడ్డంగా ఊపాడు.

"తలుపు చెప్పొద్దు మే," అన్నాడు. "తప్పు చెప్పు. ఇంగా అయిపోలా."